అప్‌డేట్: టోక్యో టెక్ మూతపడలేదండీ

మా అమ్మాయి పీహెచ్‌డీకి అనుకున్న టోక్యో టెక్ (జపాన్‌లోని టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ) పేరు కొత్త యూనివర్సిటీ లిస్టుల్లో లేదు, మూసేశారా అని అడిగాను కదండీ. మూసేయలేదు. 2024 అక్టోబరు 1న దాన్నీ, టోక్యో మెడికల్ అండ్ డెంటల్ యూనివర్సిటీనీ కలిపి ‘ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ టోక్యో’ చేశారు. టెన్షన్ తీరింది.

అక్కడి పరిశోధన సంగతీ వినండి. కణం తనలోని పాత భాగాలను తానే విడగొట్టి మళ్లీ వాడుకుంటుందట, ఆటోఫజీ అంటారు. అదెలా జరుగుతుందో ఈస్ట్‌లో తేల్చి 2016లో నోబెల్ అందుకున్న ఒసుమి గారు టోక్యో టెక్ ప్రొఫెసరే. ఇప్పుడు మెడికల్ యూనివర్సిటీ కూడా కలవడంతో ఆ కొత్త సంస్థకు పెద్దాసుపత్రి కూడా ఉంది. పరిశోధన రోగి దాకా చేరడానికి ఇంతకంటే ఏం కావాలి! భీమవరం దగ్గర మా రొయ్యల చెరువు గట్టు మీద, ఏరియేటర్ల హోరులో, అమ్మాయి ఇదంతా అరిచి మరీ చెప్పింది.

గైడ్ కోసం ఒక ప్రొఫెసర్‌కు మెయిల్ రాస్తోంది. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలండీ.