గీత కార్మికుల ఫొటోలు సోనీ పోటీకి: ఓపెన్‌కు పంపాలా, ప్రొఫెషనల్‌కా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మాది యాదాద్రి భువనగిరి జిల్లా. డిగ్రీ అయిపోయింది, పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్ దగ్గర సహాయకుడిగా చేస్తున్నాను. ఈ ఎండాకాలం రెండు నెలలు మా ఊరి గీత కార్మికుల వెంట తిరిగి నాలుగు వందల దాకా ఫొటోలు తీశాను. వాటిలో ఒక పెద్దాయన మోకు (చెట్టు ఎక్కేటప్పుడు వాడే తాడు) భుజాన వేసుకుని తాటిచెట్టు మొదట్లో నిలబడిన ఫొటో అందరికీ నచ్చుతోంది. సోనీ వరల్డ్ ఫొటోగ్రఫీ అవార్డులకు పంపమంటున్నారు. ప్రవేశ రుసుము లేదట, నిజమేనా? నేను ప్రొఫెషనల్‌ని కాదు కాబట్టి ఓపెన్‌కే పంపాలా? ఇంకో సంగతి, ఆ ఫొటోలో పెద్దాయన తల వెనక కరెంటు తీగ ఉంటే కంప్యూటర్‌లో చెరిపేశాను. ఇబ్బంది అవుతుందా?

జవాబు:
రుసుము లేదు తమ్ముడూ, నిజమే. పేర్లు చూసి మోసపోకండి. అక్కడ ప్రొఫెషనల్ అంటే ఫొటోలతో బతికేవాళ్ళని కాదు, ఒకే విషయం మీద 5 నుంచి 10 ఫొటోల వరుస పంపేవాళ్ళని. డాక్యుమెంటరీ, పోర్ట్రెయిట్ విభాగాలు అందులో ఉన్నాయి. ఓపెన్‌కు ఒక్కొక్క ఫొటో విడిగా పంపాలి, దాన్ని నిబంధనల్లో చెప్పిన ఏడాదిలో తీసి ఉండాలి. అందులోనూ పోర్ట్రెయిట్ విభాగం ఉంది. ప్రొఫెషనల్‌లో అందరికన్నా మేటిగా నిలిచినవారికి 25,000 డాలర్లు, ఓపెన్‌లో 5,000. చివరి తేదీ విభాగాన్ని బట్టి మారుతుంది, అధికారిక వెబ్‌సైట్‌లోనే చూసుకోండి.

రుసుము అడిగే పోటీ ప్రతిదీ మోసం కాదని కూడా చెప్పాలి. లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ పోటీకి కూడా డబ్బు కట్టాలి. మోసం తర్వాత బయటపడుతుంది. నాకు ఒకసారి ‘మీరు విజేత’ అని ఉత్తరం వచ్చింది. సర్టిఫికెట్‌కు, కొరియర్‌కు, పుస్తకంలో అచ్చుకు అంటూ పద్దెనిమిది వందలు లాగారు. ఆ సర్టిఫికెట్‌లో నా పేరు కూడా తప్పే.

మరొకరు:
తీగ సంగతి తేలిగ్గా తీసుకోవద్దండీ. డాక్యుమెంటరీ అని పంపేటప్పుడు వెలుగు నీడలు సరిచేయవచ్చు, అంచులు కత్తిరించవచ్చు. ఉన్నదాన్ని చెరపకూడదు, లేనిదాన్ని చేర్చకూడదు. 2010లో వార్తా ఫొటోలకు పెట్టే వరల్డ్ ప్రెస్ ఫొటో అనే మరో పోటీలో ఉక్రెయిన్ ఫొటోగ్రాఫర్ స్తెపాన్ రుదిక్‌కు ఇచ్చిన బహుమతిని వెనక్కి తీసుకున్నారు. ఆయన చెరిపింది ఫొటో అంచున కనబడే ఒక పాదం ముక్క, అంతే. అసలు ఫైలు అడిగి పోల్చి చూశారు. మీ దగ్గర రా ఫైలు (కెమెరా నుంచి వచ్చిన, ఏ మార్పూ చేయనిది) ఉందా? ఉంటే దాన్నుంచే మళ్ళీ తయారు చేసుకోండి, తీగను ఉండనివ్వండి.

ప్రశ్న అడిగినవారు:
రా ఫైలు ఉంది అక్కా. కానీ తీగ సరిగ్గా చెవి పక్క నుంచి పోతోంది, చూడలేకపోతున్నాను.

మొదట జవాబిచ్చినవారు:
అయితే ఆ ఫొటోను పక్కన పెట్టి మిగతావి చూడండి. నాలుగు వందలు తీశానన్నారుగా. చిన్న సైజులో ప్రింట్లు వేయించి నేల మీద పరవండి. ఫోనులో జరుపుతూ చూస్తే వరుస తెలియదు. ఎక్కేవి, గీసేవి, దిగేవి అన్నీ పెడితే పని ఎలా చేస్తారో చెప్పే చార్టు అవుతుంది. లొట్టి (కల్లు కుండ) కడిగే చేతులు, ముస్తాదు (నడుముకు కట్టుకునే పనిముట్ల కట్టు) విప్పి పక్కన పెట్టి అన్నం తింటున్న మనిషి, చెట్టు ఎక్కనని చెప్పే కొడుకు, ఇలాంటివి ఉన్నాయా? చెట్టు మీద వీరుడిలా కనబడే ఫొటో ఒక్కటి చాలు. ఒకే రకానివి రెండు ఉంటే ఒకటి తీసేయండి, ఎంత కష్టపడి తీసినా సరే. పది పంపవచ్చని పదీ నింపకండి, ఏడు గట్టిగా ఉంటే ఏడే.

మరొకరు:
అన్నీ నలుపు తెలుపులోకి మారిస్తే బాగుంటుంది, పేదరికం లోతుగా తెలుస్తుంది.

మొదట జవాబిచ్చినవారు:
ఒప్పుకోను. తెల్లవారుజామున లొట్టిలో కల్లు నురగ తెలుపు, ఆకుల పచ్చదనం, ఎర్రమట్టి ఉన్నచోట రంగులు తీసేసి మిగిల్చేది ఏముంది? పైగా ఆ పెద్దాయన పేదరికానికి గుర్తుగా నిలబడలేదు, పనికి బయలుదేరాడు. వివరణలోనూ అదే రాయండి. ‘ఒక పేద కార్మికుడు’ అని కాదు. ఆయన ఒప్పుకుంటే పేరు, వయసు, ఊరు, తేదీ, ఆ క్షణంలో చేస్తున్న పని రాయండి. మొదట తెలుగులో రాసుకుని తర్వాత ఇంగ్లీషులో పెట్టించుకోండి. హక్కుల సంగతి కూడా చెప్పేస్తాను. కాపీరైటు మీదే, ప్రదర్శనకు, ప్రచారానికి పోటీ నిర్వాహకులు వాడుకుంటారు. అది ఎంతకాలమో నిబంధనల్లో చదివాకే పంపండి.

కృత్రిమ మేధతో మెరుగులు దిద్దవద్దు. 2023లో ఈ సోనీ పోటీలోనే ఓపెన్‌లోని క్రియేటివ్ విభాగంలో గెలిచిన జర్మన్ ఫొటోగ్రాఫర్ బోరిస్ ఎల్డాగ్సెన్, తన బొమ్మ కెమెరాతో తీసింది కాదని చెప్పి బహుమతి వద్దన్నారు. అప్పటి నుంచి ఆ అనుమానం అందరి మీదా ఉంది.

ప్రశ్న అడిగినవారు:
అనుమతి కోసం నిన్న సాయంత్రం పెద్దాయన ఇంటికి వెళ్ళాను. లండన్‌లో ప్రదర్శన పెడతారని చెప్పి ఫొటోలన్నీ చూపించాను. తీగ ఆయన కంట పడనే లేదు. “ఆ మోకు బాగా పాతది, కొత్తది తెచ్చుకున్నాక మళ్ళీ తీయి” అన్నారు. ఏం చేయమంటారు?

మొదట జవాబిచ్చినవారు:
తీయండి. పాత మోకుది కూడా పంపుతానని అడిగి చూడండి. కాదంటే మాత్రం పంపకండి.