బెర్లిన్‌లో నర్సుగా చేరుతున్నా: అక్కడ ఒక లోకల్ ఫుట్‌బాల్ జట్టుకు మనిషినవ్వాలంటే ఎట్లా?

అనంతపురం లెఫ్ట్‌బ్యాక్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. మాది రాప్తాడు దగ్గర పల్లె. జర్మన్ భాషలో బి2 స్థాయి పరీక్ష పాసయినా, బెర్లిన్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది, సెప్టెంబర్‌లో పోతాన్నా. రూము, బ్యాంకు, ఇన్సూరెన్సు గురించి చెప్పేవాళ్లు శానామంది ఉండారు. నేను అడిగేది వేరే సంగతి.

హైస్కూలు నుంచి ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) వాళ్ల క్రీడా గ్రామంలో ఫుట్‌బాల్ ఆడినా. ఫాదర్ ఫెర్రర్ గారు 1969లో మా జిల్లాకు వచ్చి ఆర్డీటీ పెట్టినప్పట్నుంచి అనంతపురానికీ స్పెయిన్‌కూ చుట్టరికమే. ఆయన పుట్టింది బార్సిలోనాలో కాబట్టి మా బ్యాచ్‌లో సగం మంది బార్సా జట్టు వైపు, సగం మంది మాడ్రిడ్ జట్టు వైపు. రాత్రి మ్యాచ్ ఉంటే ఫోను చుట్టూ పదిమంది. నాకు మాత్రం తెర మీద చూసే జట్టు మీద మనసు నిలబడలేదు. గోలు పడినప్పుడు పక్కనున్న మనిషి భుజం పట్టుకుని ఊపేయాలనిపిస్తాది నాకు. అందుకే వీలైనప్పుడల్లా బెంగళూరు బస్సెక్కి కంఠీరవ స్టేడియంలో బెంగళూరు ఎఫ్‌సీ ఆట చూసేదాన్ని. వెస్ట్ బ్లాక్‌లో నిలబడి అరిచి, గొంతు పోయి, తెల్లారేసరికి ఇంటికొచ్చి డ్యూటీకి పోయిన రోజులు ఉండాయి. అయినా అది కన్నడపోళ్ల ఊరి జట్టు, నేను చుట్టపు చూపుగా పోయినదాన్నే. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెల్చినప్పుడు ఇంగ మనకూ ఒక జట్టు ఉండాదని ఎగిరినాం. ఆ జట్టు 2025లో ఢిల్లీకి తరలిపోయింది. అభిమానులను ఎవరూ అడగలేదు. అది ఇప్పటికీ బాధే.

ఈ సారి నేనుండే ఊరి జట్టును పట్టుకోవాల. వారం వారం పోవాల. షిఫ్టులు చేసుకుంటా అది కుదురుతాదా? ఆడపిల్ల ఒక్కతే పోవచ్చునా? బయటోళ్లను కలుపుకుంటారా? నేనూ ఆడొచ్చునా?

పెన్నా ఒడ్డు:

చెల్లెమ్మా, మాది తాడిపత్రి. నేనూ నర్సునే, బెర్లిన్ తూర్పు పక్క కోపెనిక్ దగ్గర ఉంటా. రాత్రి డ్యూటీ దిగొచ్చి నీ ప్రశ్న చూసినా, నిద్ర పట్టలేదు. పొడుగైతే ఏమనుకోవద్దు.

బెర్లిన్‌లో పెద్ద జట్లు రెండు. పడమటి పక్క హెర్తా. వాళ్లు ఆడేది ఒలింపిక్ స్టేడియంలో, 74 వేల మంది పడతారు, టికెట్ సులభంగా దొరుకుతాది. తూర్పు పక్క యూనియన్ బెర్లిన్. నేను యూనియన్ మనిషిని, కాబట్టి దాని గురించే చెప్తా. హెర్తా వాళ్లు వచ్చి వాళ్ల మాట వాళ్లు చెప్పుకోవచ్చు.

యూనియన్ స్టేడియం చిన్నది, 22,012 మంది పడతారు. అందులో సీట్లు మూడున్నర వేల పైచిలుకు మాత్రమే, మిగతావాళ్లంతా మెట్ల మీద నిలబడి చూడాల్సిందే. కోపెనిక్ స్టేషన్‌లో ఎస్3 రైలు దిగి చెట్ల మధ్య దారి పట్టుకుని నడుస్తాం. మ్యాచ్ రోజు ఆ దారంతా ఎరుపు తెలుపు కండువాలే. మూడో క్లాసు పిల్లోళ్లు, కర్ర పట్టుకున్న ముసలవ్వలు, అందరూ ఉంటారు.

మొదటి ఆరు నెలలు నాకు ఇదంతా తెలీదు. మా వార్డులో తుంటి ఎముక ఆపరేషనైన ఒక పెద్దాయన ఉండె. ఎవరితోనూ మాట్లాడడు. ఒక శనివారం మధ్యాహ్నం మూడున్నరకు రేడియో పెట్టించుకున్నాడు. జట్టు పేర్లు చదువుతాంటే, ప్రతి ఆటగాని పేరు కాడా ‘ఫుస్‌బాల్‌గాట్’ (ఫుట్‌బాల్ దేవుడు) అని మంచం మీద నుంచే అరిచినాడు. స్టేడియంలో అందరూ అట్లనే అరుస్తారంట, స్టార్ అయినా, నిన్న కాక మొన్న చేరినోడైనా. బీపీ చూడబోయినోడిని ఆగిపోయినా. ఆ సాయంత్రం ఆయనే చెప్పినాడు, 2008లో స్టేడియం పాడుబడి, బాగుచేసుకోను క్లబ్బు కాడ దుడ్లు లేకపోతే అభిమానులే పనిలో దిగినారని. రెండు వేల మందికి పైగా, దగ్గర దగ్గర లక్షా నలభై వేల గంటలు, కూలి లేకుండా కాంక్రీటు కలిపి మెట్లు కట్టినారు. ఆయన తాపీ మేస్త్రీ. ‘రెండో గేటు పక్క మెట్లు నా చేతివి’ అన్నాడు. డిశ్చార్జి అయినాక నన్ను మొదటిసారి తోడుకొని పోయిందీ ఆయనే. ఇప్పటికీ ఆ మెట్ల కాడే నిలబడతాం.

ఇంగ నీ షిఫ్టుల సంగతి. ఇది అసలు కష్టం. ఏ వారం ఎవరితో ఆట అనేది సీజన్‌కు ముందే తెలుస్తాది. కానీ శుక్రవారమా, శనివారమా, ఆదివారమా అనేది కొన్ని వారాల ముందు గానీ ఖాయం కాదు, మన రోస్టరేమో అంతకు ముందే వేసేస్తారు. అందుకని నేను డిసెంబర్ 24 రాత్రి, 25, ఈస్టర్ డ్యూటీలు అడిగి మరీ తీసుకుంటా. పిల్లలుండే జర్మన్ నర్సులకు ఆ రోజులు ఇంట్లో ఉండటం ప్రాణం. వాళ్లు నాకు ఆట ఉండే శనివారాలు ఇస్తారు. నువ్వూ చేరిన మొదటి నెలలోనే వార్డులో ఈ మాట చెప్పి పెట్టు, దాచుకోవద్దు. నేను ఫుట్‌బాల్‌కు పోతానని తెలిసినాకనే నాతో భోజనం కాడ కూర్చొని మాట్లాడబట్టినారు.

మెట్ల మీద కొన్ని పద్ధతులు ఉండాయి, రాసిపెట్టినవి కాదు గానీ అందరూ పాటిస్తారు. చివరి విజిల్‌కు ముందు కదలకూడదు. మన జట్టును మనం ఈల వేసి ఎగతాళి చేయకూడదు. తప్పు చేసినోని మీద పడకూడదు. 0–4తో ఓడిపోతాన్నా పాడతానే ఉండాల. 2019లో మొదటిసారి జర్మనీలో అన్నిటికన్నా పై లీగైన బుండెస్‌లిగాకు ఎక్కి, సొంత గ్రౌండులో మొదటి ఆట లైప్‌జిగ్‌తో అట్లనే 0–4తో ఓడినారు. ఆ రోజు జనం, ఈ దినం చూడకుండానే చనిపోయిన తమ వాళ్ల ఫొటోలు అట్టల మీద పెద్దగా వేయించి పైకెత్తి పట్టుకున్నారు, నాలుగొందలకు పైగా. నాయనలు, అవ్వలు, స్నేహితులు. మా మేస్త్రీ తన అన్న ఫొటో పట్టుకున్నాడంట. అది చెప్పేటప్పుడు ఆయన గొంతు ఇప్పటికీ మారుతాది. రెండు వారాలకు డోర్ట్‌మండ్‌ను 3–1తో కొట్టినారు.

బయటోళ్లను కలుపుకుంటారా అన్నావు. నా నల్లటి మొహం చూసి మెట్ల మీద నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఉన్న మాట చెప్పాల కదా, రాత్రిపూట శివారు స్టేషన్లలో, తాగినోళ్ల గుంపుల కాడ జాగ్రత్తగా ఉంటా, నువ్వూ ఉండు. ఆట అయిపోయినాక అందరితో కలిసి నడువు, ఒక్కదానివే వెనకబడొద్దు.

కొండారెడ్డి బురుజు:

నాది కర్నూలు, ఇప్పుడు రూర్ ప్రాంతంలో బోఖుమ్‌లో ఉంటున్నా. ఆడపిల్ల ఒక్కతే పోవచ్చా అన్నదానికి నేను చెప్తా. పోవచ్చమ్మా. మా ఆయనకు ఫుట్‌బాల్ అంటే పడదు, నేను ఒక్కదాన్నే పోతా. మొదట్లో బెరుగ్గా ఉంటే గోల్ వెనకాల మెట్లకు పోవద్దు, అక్కడ జెండాలు, పొగ, తోపులాట ఉంటాయి. పక్క స్టాండులో కింది వరసలో నిలబడు. రంగులు చూసుకుని పో. యూనియన్ ఆటకు నీలం తెలుపు కలిసిన చున్నీ వేసుకుని పోవద్దు, అవి హెర్తా రంగులు. బోఖుమ్ రంగులూ నీలం తెలుపే, నా కండువాతో నేను ఆ కోపెనిక్ వైపు రాలేను.

ఖర్చు గురించి ఎవరూ చెప్పలేదు. నిలబడే టికెట్లు ఇక్కడ చవక. దానికి కారణం ఉంది. జర్మనీలో 1998 నుంచి ఉన్న 50+1 నియమం వల్ల చాలా క్లబ్బుల్లో ఓట్ల మెజారిటీ సభ్యుల చేతిలోనే ఉండాలి. డబ్బున్నవాడు వచ్చి జట్టును మొత్తం కొనేసి ఇంకో ఊరికి తీసుకుపోవడం కుదరదు. నీ హైదరాబాద్ బాధ చదివాక ఇది చెప్పాలనిపించింది. సభ్యత్వం తీసుకుంటే ఏటా జరిగే సభలో నీకూ ఒక ఓటు ఉంటుంది. పల్లె నుంచి వచ్చిన నర్సుకూ, ఫ్యాక్టరీ యజమానికీ అదే ఒక్క ఓటు.

తాగే గ్లాసుకు డిపాజిట్ కట్టించుకుంటారు, పారేయకుండా వెనక్కి ఇచ్చి తీసుకో. మాంసం తినకపోతే ఉప్పు బ్రెట్‌జెల్ (మెలికల రొట్టె), వేపిన ఆలుగడ్డలు లాంటివి దొరుకుతాయి. నేను ఇంట్లోనే కడుపునిండా తిని పోతా.

దేవుని కడప:

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి. అందరూ పొమ్మంటున్నారు గానీ నేను కొంచెం అడ్డం చెప్తా, తప్పుగా తీసుకోకు చెల్లీ. మొదటి ఏడాది నర్సు పని శానా కష్టం. నీ డిగ్రీకి గుర్తింపు రావాల, దానికి ఇంకో పరీక్షో ట్రైనింగో ఉండొచ్చు. చలికాలంలో నాలుగింటికే చీకటి పడతాది. వారానికి దొరికే ఒకటిన్నర రోజు సెలవును మెట్ల మీద నిలబడి ఖర్చు పెడితే వొళ్లు ఏమైతాది? ఇంట్లో వంట, అమ్మకు ఫోను, నిద్ర, ఇవన్నీ ఎప్పుడు? ఒక ఏడాది టీవీలో చూడు, కుదురుకున్నాక పో.

పెన్నా ఒడ్డు:

కడప అన్న చెప్పింది ప్రేమతోనే, కాదనను. కానీ నేను చూసింది చెప్తా. నాతోపాటు వచ్చినోళ్లు నలుగురైదుగురు సెలవు రోజు రూములోనే పడుకుని, ఫోన్లో ఇంటితో మాట్లాడుకుంటా, ఆదివారం అంగళ్లు కూడా మూసేసి ఉంటాయి కాబట్టి యాడికీ పోకుండా, ఆ మొదటి చలికాలంలోనే దిగులుపడి వెనక్కి పోయినారు. నాకు ఆ చలికాలం దాటింది మెట్ల వల్లనే. రెండు వారాలకొకసారి నా కోసం ఒక చోటు ఖాళీ పెట్టి ఎదురుచూసే మనుషులు ఉండారు. నేను రాకపోతే మేస్త్రీ ఫోను చేస్తాడు. నా జర్మన్ బాగుపడిందీ ఆడే. రోగి బంధువులతో గట్టిగా మాట్లాడే ధైర్యం ఆ అరుపుల్లోనే వచ్చింది.

చలి నిజమే. జనవరిలో కాంక్రీటు మీద రెండు గంటలు నిలబడితే చలి పాదాల నుంచి ఎక్కుతాది. పాత అట్టపెట్టె ముక్క తీసుకొని పోయి కాళ్ల కింద వేసుకో. ఆడ అందరూ చేసే పనే.

అనంతపురం లెఫ్ట్‌బ్యాక్:

అన్నా, అక్కా, చదివి అమ్మకు కూడా వినిపించినా. ఆ ఫొటోల మాట కాడ అమ్మ కళ్లు తుడుచుకుంది. మా నాయన లేడు, నా ఆటకు సైకిల్ మీద తోడుకొని వచ్చేటోడు.

కడప అన్నా, నీ మాట గుర్తు పెట్టుకుంటా. నైట్ డ్యూటీల వారంలో పోను, అమ్మకు కూడా అదే మాట ఇచ్చినా.

రెండు సందేహాలు. టికెట్ యాడ దొరుకుతాది? ఇంగొకటి, నేను ఆడేదాని గురించి ఎవరూ చెప్పలేదు.

పెన్నా ఒడ్డు:

టికెట్ కష్టమే. సభ్యుల సంఖ్య స్టేడియంలో పట్టే జనానికి రెండింతలు దాటిపోయింది, బయట అమ్మకానికి మిగలవు. ముందు సభ్యత్వం కట్టు. రాలేని సభ్యులు తమ టికెట్లను క్లబ్బు వెబ్‌సైటులోనే తిరిగి అమ్ముతారు, అసలు ధరకే. ఆట దగ్గర పడే కొద్దీ అది చూస్తా ఉండు. బ్లాకులో మాత్రం కొనొద్దు, టికెట్ రద్దయ్యే ప్రమాదం ఉండాది.

ఇంకో దారి, నీకు ఇదే మేలు. యూనియన్ మహిళల జట్టు 2025లో బుండెస్‌లిగాకు ఎక్కింది. ఆడేది ఇదే స్టేడియంలో. మగోళ్ల ఆటంత కష్టం కాదు, టికెట్ దొరుకుతాది. నిన్ను మొదట దానికే తోడుకొని పోతా. మేస్త్రీ కూడా వస్తాడు, ఆయన మనవరాలు చిన్న పిల్లల జట్టులో ఆడుతాది.

నువ్వు ఆడాలంటే వార్డులోనో, ఇంటి పక్కనో అడుగు. ప్రతి పేటకూ ఒక క్లబ్బు ఉంటాది, చాలా వాటికి ఆడోళ్ల జట్టూ ఉంటాది, నెలకు కొద్ది యూరోల చందా. వలస వచ్చినోళ్లు కట్టుకున్న క్లబ్బులూ ఉండాయి, బెర్లిన్‌లోనే క్రాయిట్స్‌బెర్గ్ పేటలో టర్కీ వాళ్లు 1978లో మొదలుపెట్టిన టుర్కియెమ్‌స్పోర్ లాంటివి. లీగ్ మ్యాచ్ ఆడాలంటే ఆటగాళ్ల కార్డు కావాల. ఇంతకుముందు ఇంకో దేశంలో రిజిస్టరై ఉంటే ఆ దేశం నుంచి క్లియరెన్సు తెప్పించాల, అది క్లబ్బే చేస్తాది గానీ టైం పడతాది. నువ్వు ఎప్పుడైనా ఏఐఎఫ్‌ఎఫ్ (మన దేశ ఫుట్‌బాల్ సమాఖ్య) వాళ్ల ఆటగాళ్ల రిజిస్ట్రేషన్ పద్ధతి సీఆర్‌ఎస్‌లో రిజిస్టరై ఉంటే ఆ నంబరు, పాత క్లబ్బు పేరు, పుట్టిన తేదీ సర్టిఫికెట్ నకలు వచ్చేటప్పుడే తెచ్చుకో.

అనంతపురం లెఫ్ట్‌బ్యాక్:

సీఆర్‌ఎస్ నంబరు కోచ్ సార్‌ను అడిగినా, రేపు రికార్డులు చూసి ఇస్తానన్నాడు. బూట్లు ఇక్కడియే తెచ్చుకోవచ్చునా అన్నా, ఆడ నేల మెత్తగా తడిగా ఉంటాది కదా? నావి మన గట్టి నేలకు కొన్నవి, స్టడ్‌లు పొట్టివి.

పెన్నా ఒడ్డు:

అవే తెచ్చుకో. ఈడ పేట క్లబ్బులు ఎక్కువగా ఆర్టిఫిషియల్ గడ్డి మీద ఆడతాయి, పొట్టి స్టడ్‌లే పనికొస్తాయి. పొడుగు స్టడ్‌లు కావాలంటే ఈడ పాతవి చవగ్గా దొరుకుతాయి. రోస్టర్ చేతికి రాగానే నాకు పంపు, ఏ ఆట కుదురుతాదో చూసి చెప్తా.