మా పాటల్లో లెక్కంతా ఉంది, వినేవాళ్లకి మాత్రం గోలే! డెమో ఎలా చేయాలి?

నాలుగుతీగలు:
హైదరాబాద్‌లో మాది ఐదుగురి బ్యాండ్. లేబుల్ లేదు, మేనేజర్ లేడు. జామ్‌రూమ్ అద్దె తలా ఇంత వేసుకుని కడతాం. నేను బాస్ వాయిస్తాను. మాది మ్యాథ్‌కోర్ అనుకోండి: హార్డ్‌కోర్ అరుపులు, ప్రోగ్రెసివ్ మెటల్ రిఫ్‌లు (మళ్లీ మళ్లీ తిరిగే చిన్న గిటార్ ముక్కలు), మూడు నిమిషాలు దాటని పాటలో పది పన్నెండు మలుపులు. 1999లో వచ్చిన డిల్లింజర్ ఎస్కేప్ ప్లాన్ ఆల్బమ్ 'కాలిక్యులేటింగ్ ఇన్ఫినిటీ', అదే ఏడాది బాచ్ వాళ్ల 'వీ ఆర్ ది రోమన్స్' మా ఐదుగురికీ ప్రాణం. అప్పటికి మాలో ఎవరూ పుట్టలేదు, అది వేరే సంగతి.

ఒక కాలేజీ ఫెస్ట్‌లో మేం వాయిస్తుంటే సౌండ్ చూసే ఆయన పాట మధ్యలో స్టేజ్ ఎక్కి గిటార్ కేబుల్ మార్చేశాడు. కేబుల్ బాగానే ఉంది. అది మా రిఫ్! తర్వాత షోలు పెట్టే ఒకాయనకి ఫోన్‌లో తీసిన రికార్డింగ్ పంపితే, "పల్లవిలా తిరిగొచ్చే కోరస్ ఒకటి పెట్టి, అంతా నాలుగు లెక్కలోకి తెండి, ఓపెనింగ్ స్లాట్ ఇస్తా" అన్నాడు. అప్పటినుంచి డ్రమ్మర్‌కీ గిటారిస్టుకీ మాటల్లేవు. ఒకడు సర్దుకుందామంటాడు, ఇంకొకడు అలాగైతే నేను లేనంటాడు.

పాటల పొగరు తగ్గించకుండా వినేవాళ్లకి కాస్త పట్టు దొరికేలా చేయొచ్చా? మా ముఖ్యమైన రిఫ్ 7, 7, 9. అంటే 23 పదహారో నోట్లు (ఒక్కో లెక్కని నాలుగు చేస్తే వచ్చే ముక్కలు). గిటార్ ఎలా తిరిగితే డ్రమ్స్ కూడా అలాగే తిరుగుతాయి. ఇంకోటి, రికార్డింగ్‌కి అందరం కలిసి వాయించాలా, చెవిలో క్లిక్ (మెట్రోనోమ్ టిక్‌టిక్) పెట్టుకుని విడివిడిగానా?

జామ్‌రూమ్‌బాబాయ్:
తమ్ముడూ, ముందు గిటార్ గెయిన్ (ఆంప్‌లో గరుకుదనం, అంటే డిస్టార్షన్, పెంచే నాబ్) తగ్గించండి. ఇంట్లో ఒక్కడే వాయించుకున్నప్పుడు ఎంత గెయిన్ ఉన్నా కమ్మగానే ఉంటుంది. మీ తరహాలో పక్కపక్క స్వరాలు రెండూ ఒకేసారి మోగే కార్డులు ఎక్కువ. డిస్టార్షన్ ఎక్కువైతే ఆ రెంటి మధ్య లేని స్వరాలు పుట్టుకొచ్చి అంతా బురదైపోతుంది. గెయిన్ సగానికి దించి, అదే రిఫ్‌ని రెండుసార్లు వాయించి ఎడమ ఒకటి, కుడి ఒకటి పెట్టండి. బలం దాన్నుంచి వస్తుంది. నువ్వు పిక్‌తో (తీగ మీటే చిన్న పలకతో) వాయించు. కింద శుభ్రమైన బాస్ ఒక ట్రాక్, పైన కాస్త గరుకు పెట్టిన ట్రాక్ ఇంకొకటి. ఈ సంగీతంలో రిఫ్ ఆకారం చెవికి తెలిసేది చాలావరకు బాస్ పిక్ చప్పుడుతోనే. గిటారిస్టులు ఒప్పుకోరు.

క్లిక్ తప్పనిసరి. కానీ ఒకే టెంపో క్లిక్ కాదు. పాట ఎక్కడ పరిగెత్తుతుందో ఎక్కడ ఈడుస్తుందో టెంపో మ్యాప్ గీసుకోండి. డ్రమ్స్ ఒక రోజు, మిగతావి తర్వాత. అరుపులు మాత్రం గదిలో లైట్లు తీసేసి, మనిషి నిలబడి, ఒకే ఊపులో. ముక్కలు ముక్కలుగా అతికిస్తే చచ్చిపోతాయి.

మిశ్రచాపు:
నాకు మెటల్ రాదు. విజయవాడలో మృదంగం నేర్పుతాను. మావాడు ఇంట్లో మెషుగ్గా అనే మెటల్ బ్యాండ్ పాటలు పెడుతుంటాడు కాబట్టి చెవిన పడింది. స్వీడన్ వాళ్లు. గిటార్లు, కిక్ డ్రమ్ వంకర లెక్కలో పోతుంటే పైన సింబల్ మీద మాత్రం డ్రమ్మర్ కదలకుండా నాలుగు కొడుతుంటాడు. మేం చేతితో వేసే తాళం లాంటిదే అది. మీ డ్రమ్మర్ కుడిచెయ్యి అలా నిలబెడితే చాలు, జనం తల ఊపడానికి చోటు దొరుకుతుంది. రిఫ్‌లో ఒక్క నోటు కూడా మార్చక్కర్లేదు.

మీ 23 చూడగానే చేతులు దురద పెట్టాయి. నాలుగు లెక్క బార్లు (ఆవర్తాలు) ఎనిమిదైతే 128 పదహారో నోట్లు. 23 ఐదుసార్లు వస్తే 115. మిగిలేది 13. ఆ పదమూడుని గాలికి వదలకండి, ముక్తాయింపు (ముగింపు పలుకు) వేయండి: తకిట, రెండు ఖాళీ, తకిట, రెండు ఖాళీ, తకిట. మూడు, రెండు, మూడు, రెండు, మూడు. సరిగ్గా పదమూడు. తర్వాతి దెబ్బ సమం మీద, అంటే తాళం మొదలయ్యే చోట, పడుతుంది. అక్కడ అందరూ కలిసి ఒక్కటి గట్టిగా వేస్తే, లెక్క తెలియనివాడికి కూడా "ఆఁ, ఇల్లు చేరాం" అనిపిస్తుంది.

నేర్చుకునేటప్పుడు అంకెలు లెక్కపెట్టకండి, నోటితో అనండి. తకిట తకధిమి, తకిట తకధిమి, తకధిమి తకతకిట. ఐదుగురూ వాయిద్యాలు కింద పెట్టి, చేత్తో తాళం వేస్తూ అనగలిగిన రోజున రికార్డింగ్‌కి వెళ్లండి.

పాతక్యాసెట్లు:
గురువుగారి లెక్క అద్భుతం. కానీ అన్ని పాటలకీ పైన నాలుగు పెడితే మీరు మెషుగ్గా నకలు అయిపోతారు. డిల్లింజర్ వాళ్లలో మజా ఏంటంటే పట్టుకోనివ్వకపోవడమే. ఒక పాటకి పెట్టండి, పక్క పాటని అలాగే వదిలేయండి. ఊపిరి తీసుకునే చోటు వేరే రకంగా ఇవ్వొచ్చు. కన్వర్జ్ అనే బ్యాండ్ ఆల్బమ్ 'జేన్ డో' (2001) వినండి. ముందంతా చితక్కొట్టి, చివర్లో పదకొండు నిమిషాలు దాటిన నెమ్మది పాట పెట్టారు. ఆ బ్యాండ్ గిటారిస్టు కర్ట్ బలూ మసాచుసెట్స్‌లోని సేలంలో సొంత స్టూడియో నడుపుతాడు. అక్కడ తయారైన రికార్డులు వింటే బాబాయ్ చెప్పిన గెయిన్ సంగతి అర్థమవుతుంది.

లేబుల్ గురించి నువ్వు అడగలేదు కానీ చెప్తా. ఢిల్లీ మెటల్ బ్యాండ్ బ్లడీవుడ్ 2022లో మొదటి ఒరిజినల్ ఆల్బమ్‌ని లేబుల్ లేకుండానే వదిలారు. కెనడా బ్యాండ్ ప్రొటెస్ట్ ది హీరో 2013లో ఆల్బమ్ కోసం ఆన్‌లైన్‌లో జనాన్ని 1,25,000 డాలర్లు చందా అడిగితే 3,40,000 పైనే వచ్చాయి. అది చూసి చందాల పేజీ తెరవకండి. అప్పటికే వాళ్లకి మూడు ఆల్బమ్‌లు, ఏళ్ల తరబడి టూర్లు చేసి కూడబెట్టుకున్న జనం ఉన్నారు. మీరు మూడు పాటలు చక్కగా చేసి బ్యాండ్‌క్యాంప్ (బ్యాండ్‌లు సొంతంగా పాటలు అమ్ముకునే సైట్)లో పెట్టండి. కోరస్ అడిగిన ఆయనకి లింక్ పంపండి, కోరస్ పంపకండి.

నాలుగుతీగలు:
అందరికీ థ్యాంక్స్. మిశ్రచాపు గారూ, మీ 13 డ్రమ్మర్‌కి పంపాను. "తకిట తకిట" అంటూ గిటారిస్టుకి ఫోన్ చేశాడంట! మాటలు మొదలయ్యాయి. ఇప్పుడు కొత్త గొడవ. ఆ రెండేసి ఖాళీల్లో కూడా అరుస్తానంటున్నాడు మా వోకలిస్ట్. ఏం చెప్పమంటారు?

మిశ్రచాపు:
ఖాళీ ఖాళీగానే ఉండాలి నాయనా. సమం మీద అరవమను, ఎంతసేపైనా.