ఓపెన్ స్ట్రింగ్‌ని తెలుగులో ఏమందాం?

> గిటార్ పాఠాలు తెలుగులో రాస్తున్నాను. ఓపెన్ స్ట్రింగ్‌ని ‘తెరిచిన తీగ’ అనొచ్చా? ‘ముక్త తంత్రి’ నయమా? కార్డ్ షేప్‌కి ‘ఆకృతి’ సరిపోతుందా?

‘తెరిచిన తీగ’ వద్దండీ. తెరవాలంటే ముందు మూసి ఉండాలి కదా! ఇక్కడ జరిగేదల్లా ఎడమచేతి వేళ్లు ఆ తీగ జోలికి పోకపోవడం. కాబట్టి ‘వదిలిన తీగ’ అంటే చాలు. ‘ముక్త తంత్రి’లో అర్థదోషం లేదు, కానీ పదేళ్ల పిల్ల చేతిలో గిటార్ పెట్టి చెప్పే మాట కాదది.

షేప్‌కి, అంటే కార్డ్ (కలిసి పలికే కొన్ని స్వరాలు) కోసం వేళ్లు పెట్టే తీరుకి, ‘పట్టు’ అనండి. ఫ్రెట్‌కి మనకి మాట ఉండనే ఉంది: మెట్టు. వీణ మీద మైనంలో నిలిపిన 24 మెట్లూ మెట్లే, గిటార్ మీదవీ మెట్లే.

ఈ మాటలతో పాఠం నడుస్తుందో లేదో చూద్దాం. ఇ మేజర్ పట్టు అందరికీ వచ్చిందే (అన్నిటికన్నా సన్న తీగ ఒకటోది, లావు తీగ ఆరోది). మూడు వేళ్లనీ అదే వరసలో ఐదు మెట్లు పైకి జరపండి. ఐదో తీగ, నాలుగో తీగ ఏడో మెట్టు దగ్గర, మూడో తీగ ఆరో మెట్టు దగ్గర. లావు తీగని పైనుంచి బొటనవేలితో ఐదో మెట్టు దగ్గర పట్టుకోవాలి. చివరి రెండు తీగలూ నొక్కకుండా వదిలేసి, అన్నిటినీ మీటండి. ఎ స్వరాన్ని షడ్జం అనుకుంటే లావు తీగ నుంచి వరసగా స ప స గ రి ప పలుకుతాయి. గాంధారం దాకా ఎక్కిన స్వరం వదిలిన రెండో తీగ దగ్గర రిషభానికి దిగి, మళ్లీ పంచమానికి లేస్తుంది. చూపుడువేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కే బ్యారే పట్టులో ఆ దిగడం రాదు. పుస్తకాల్లో దీని పేరు ఎ యాడ్ నైన్.

ఇంకో రెండు మెట్లు జరిపితే మరీ బాగుంటుంది. తొమ్మిదో మెట్టు దగ్గర నొక్కిన నాలుగో తీగా, వదిలిన రెండో తీగా ఒకే బి స్వరం పలుకుతాయి. స్థాయి ఒకటే, నాదం వేరు. నొక్కినది మెత్తగా, వదిలినది గణగణమంటూ వినిపిస్తుంది. ఇప్పుడు బి స్వరాన్ని షడ్జం అనుకుంటే, మూడో తీగ మీది అంతర గాంధారం, వదిలిన ఒకటో తీగ మీది శుద్ధ మధ్యమం ఒకదాన్నొకటి రాసుకుంటాయి. నాకు ఆ ఒరిపిడి చాలా ఇష్టం.

ఒక్క జాగ్రత్త. ఓపెన్ ట్యూనింగ్ వేరే సంగతి, దానికి ‘వదిలిన’ అతకదు. అక్కడ బిరడలే తిప్పి, ఏ మెట్టూ నొక్కకుండానే కార్డ్ పలికేలా శ్రుతి చేస్తారు. ఓపెన్ జి అయితే డి జి డి జి బి డి. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమచెయ్యి బలహీనపడ్డ గాయని జోనీ మిచెల్ ఇలాంటి శ్రుతుల్లోనే తన దారి వెతుక్కున్నారు. దీన్ని ‘ఓపెన్ జి శ్రుతి’ అని రాసినా తప్పు లేదు.

అసలు చాలాచోట్ల నామవాచకంతో పనే పడదు. ‘ఒకటీ రెండూ నొక్కకుండా మీటండి’ అంటే ఎవరికైనా తెలుస్తుంది.

వీణలో పక్కనుండే మూడు తాళం తీగల్నీ ఎప్పుడూ నొక్కరు, మీటడమే. సారణి, పంచమం లాంటి వాయించే తీగల్ని నొక్కకుండా మీటమనడానికి మీ గురువులు ఏ మాట వాడేవారు? వీణ నేర్చుకున్నవాళ్లు ఇక్కడ రాస్తే, నేను చెప్పినదానికన్నా ఆ మాటే తీసుకుందాం.