పదో తరగతి పరీక్ష ముందా, కాగ్నిటివ్ రిహాబ్ ముందా? తలకు దెబ్బ తగిలిన మా బాబు గురించి

పల్నాడు_నాన్న
అందరికీ నమస్కారం. మా బాబుకి 14 ఏళ్ళు, ఈ ఏడాది పదో తరగతి. జనవరిలో వాళ్ళ బాబాయి బండి వెనక కూర్చుని వస్తుంటే ట్రాక్టర్ ట్రాలీకి గుద్దుకున్నారు. హెల్మెట్ లేదు. మెదడులో రక్తం గడ్డకట్టిందని ఆపరేషన్ చేశారు. 11 రోజులు స్పృహ లేదు. ఇప్పుడు తొమ్మిది నెలలైంది. నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు. చూసినవాళ్ళందరూ పూర్తిగా బాగయ్యాడంటున్నారు. ఎనిమిదో తరగతి లెక్కలు గబగబా చేసేస్తాడు, పొద్దున చెప్పిన పాఠం మాత్రం సాయంత్రానికి గుర్తుండదు. సైకాలజిస్టు మేడమ్ ఈ ఏడాది పరీక్ష మాట పక్కన పెట్టి కాగ్నిటివ్ రిహాబ్, అంటే జ్ఞాపకం, ఏకాగ్రత మెరుగుపడే శిక్షణ, చేయించమంటున్నారు. వారానికి రెండుసార్లు వెళ్ళాలి, ఇంట్లో రోజుకో గంట. ఇంట్లో చేయించేది ఏమిటంటే, పళ్ళెంలో కందిపప్పు, పెసలు, బియ్యం కలిపి పోస్తే వాడు వేరు చేయాలి. పరీక్ష ఫీజు గడువు దగ్గరకొచ్చింది. ఏడాది పోతే వాడి తోటివాళ్ళు ఇంటర్‌కి వెళ్ళిపోతారు. ఏం చేయమంటారు?

రవి_ఓరుగల్లు
ఫీజు కట్టేయండి అన్నా. గింజలు ఏరితే పదో తరగతి వస్తుందా? మా తమ్ముడికీ ఇలాగే బైక్ యాక్సిడెంట్, అప్పుడు వాడికి 19. ఒక సెంటర్లో ఆరు నెలలు కంప్యూటర్ గేములు ఆడించారు. మెదడుకి వ్యాయామం అన్నారు. గేములో స్కోరు పెరిగింది, బజారుకి పంపితే ఏం తేవాలో మర్చిపోయి తిరిగొచ్చేవాడు. అమెరికాలో లూమోసిటీ అనే బ్రెయిన్ గేముల కంపెనీ రుజువు లేని గొప్పలు చెప్పిందని 2016లో 20 లక్షల డాలర్లు కట్టించారు. అక్కడ పెద్ద కంపెనీ గేములకే రుజువు లేదంటే ఇక్కడ పప్పు గింజలకు ఎక్కడిది?

లక్ష్మి_తెనాలి
చిన్న వయసు కదండీ, తొందరగానే కోలుకుంటాడు. టెన్షన్ పడకండి.

సుజాత_స్పెషల్_టీచర్
నేను 16 ఏళ్ళుగా ఇలాంటి పిల్లలతో పనిచేస్తున్నాను. లక్ష్మి గారూ, చిన్న వయసైతే తొందరగా కోలుకుంటారన్నది చాలామంది నమ్మేదే. 1930, 40లలో మార్గరెట్ కెన్నార్డ్ అనే శాస్త్రవేత్త కోతుల మీద చేసిన పరిశోధనల నుంచి ఆ మాట వ్యాపించింది. పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించాక అది అన్నిచోట్లా నిజం కాదని తేలింది. ముందు నేర్చుకున్నది మిగులుతుంది, కొత్తది నేర్చుకునే శక్తి దెబ్బ తింటుంది. అందుకే ఆ బాబుకి ఎనిమిదో తరగతి లెక్కలు వస్తున్నాయి, నిన్నటి పాఠం రావట్లేదు. పనిని ఒక పద్ధతిలో పెట్టుకోవడం, కోపం ఆపుకోవడం వంటివి చూసే మెదడు ముందు భాగం ఇరవై దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. అక్కడ దెబ్బ తగిలితే లోటు అప్పుడే కనపడకపోవచ్చు. చదువు బరువెక్కిన కొద్దీ బయటపడుతుంది.

ఇక గింజల సంగతి. బెంగుళూరులోని మెదడు, మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో తలకు దెబ్బ తగిలినవాళ్ళ ఏకాగ్రత కోసం వాడుతూ వచ్చిన పద్ధతి అది. మొదట రెండు రకాల గింజలే ఇస్తాం. తప్పులు తగ్గాక మూడో రకం కలుపుతాం, తర్వాత టైం పెడతాం, ఆ తర్వాత పక్కన రేడియో పెడతాం. కూర్చున్న చోట ఇరవై నిమిషాలు మనసు నిలపడం అలవాటు కావాలి. పైసా ఖర్చు లేదు.

రవి_ఓరుగల్లు
మేడమ్, నేనడిగింది ఒక్కటే. గింజలు బాగా ఏరేవాడికి సోషల్ పాఠం గుర్తుంటుందా, ఉండదా?

సుజాత_స్పెషల్_టీచర్
దానంతట అది గుర్తుండదు రవి గారూ, ఒప్పుకుంటున్నాను. వ్యాయామంలో వచ్చిన మెరుగు చదువులోకి రావాలంటే విడిగా పని చేయించాలి. అమెరికాలో సిసెరోన్ బృందం 2000 నుంచి 2019 వరకు నాలుగు విడతలుగా కాగ్నిటివ్ రిహాబ్ పరిశోధనలను సమీక్షించింది. అవి ఎక్కువగా పెద్దవాళ్ళ మీద చేసినవి. జ్ఞాపకానికి నోటుబుక్కు లాంటి సాయాలు వాడటం, పనిని మెట్లుగా విడగొట్టుకుని తన తప్పు తనే చూసుకోవడం నేర్పడం, ఇలాంటివాటికి అక్కడ బలమైన ఆధారాలు కనిపించాయి. గేమునో పళ్ళేన్నో ఒంటరిగా ఇచ్చి వదిలేస్తే చాలదు.

రవి_ఓరుగల్లు
మరి ఒప్పుకున్నారుగా! గింజలతో లాభం లేదు.

సుజాత_స్పెషల్_టీచర్
నేనలా అనలేదు. దయచేసి మళ్ళీ చదవండి.

డల్లాస్_మూర్తి
ఇక్కడ అమెరికాలో 1990 నుంచే స్కూళ్ళ చట్టంలో మెదడు గాయానికి విడిగా ఒక విభాగం ఉంది. పిల్లాడికి ఏం కావాలో స్కూలే కాగితం మీద రాసివ్వాలి. మన 2016 దివ్యాంగుల చట్టంలో 21 రకాలు చేర్చారు కానీ దీనికి విడిగా పేరు లేదు. స్కూల్ వాళ్ళకి ఇదొక సమస్య అని తెలిసేదెలా? బాబు సంగతి స్కూల్లో ఏమని చెప్పారండీ?

పల్నాడు_నాన్న
తలకు ఆపరేషన్ అయిందని తెలుసు మూర్తి గారూ. మతిమరుపు గురించి చెప్పలేదు. చెబితే వాడి మీద ముద్ర పడిపోతుంది. మా ఊళ్ళో ఒక మాట అన్నారంటే పెళ్ళి దాకా వెంటపడుతుంది.

సుజాత_స్పెషల్_టీచర్
చెప్పలేదా! మరి అక్కడ వాడిని బద్ధకస్తుడనే అనుకుంటున్నారు. తొమ్మిది నెలలు వాడు ఒక్కడే దాచుకుంటూ తిరుగుతున్నాడన్నమాట. క్షమించండి, కోపం వస్తోంది.

రవి_ఓరుగల్లు
ఆయన్ని ఎందుకంటారు? మీకు జీతం వస్తుంది, సాయంత్రం ఇంటికెళ్ళిపోతారు. మా ఇంట్లో "కాస్త బాగయ్యాక కాలేజీకి పంపిద్దాం" అన్నారు. కాస్త కాస్త అంటూ ఆరేళ్ళయింది. తోటివాళ్ళు ఉద్యోగాల్లో చేరారు, ఫోన్లు ఆగిపోయాయి. వాడికిప్పుడు 25. మధ్యాహ్నం రెండింటిదాకా మంచం దిగడు. వాడిని ఇంట్లో కూర్చోబెట్టింది ఇలాంటి సలహాలే. ఫెయిలైనా పర్లేదు, పదిమందిలో ఉండాలి.

సుజాత_స్పెషల్_టీచర్
ఇంట్లో కూర్చోబెట్టమని నేనెక్కడా అనలేదు రవి గారూ. మీ తమ్ముడు ఇంట్లోనే ఉండిపోయిన సంగతి ఇప్పుడే చెప్పారు. స్కూలు మానిపిస్తే అది రిహాబే కాదు. సగం పూట పంపండి, ముందు బెంచీలో కూర్చోబెట్టండి, నోట్స్ పక్కవాడి పుస్తకంలోంచి ఫోటో తీసుకోనివ్వండి. ఆపమన్నది పరీక్షను మాత్రమే. ఎన్ఐఓఎస్ ఓపెన్ స్కూల్లో చేరితే ఐదేళ్ళలోపు ఒక్కో సబ్జెక్టూ రాసుకోవచ్చు.

రవి_ఓరుగల్లు
ఓపెన్ స్కూల్ అంటే మళ్ళీ ఇల్లే కదా మేడమ్.

పల్నాడు_నాన్న
నేను వాడి అమ్మని, ఆయన ఫోన్‌లోంచి రాస్తున్నాను. మీరంతా పరీక్ష గురించి గొడవ పడుతున్నారు. మా ఇంట్లో గొడవ అది కాదు. బండి నడిపింది మా మరిది. ఆయనకి గీత కూడా పడలేదు. జనవరి నుంచి నేను ఆయనతో మాట్లాడలేదు. మా వారికి పిల్లాడు ఈ ఏడాదే పాసవ్వాలి. పాసైతే ఏమీ పోలేదని, తమ్ముణ్ణి మళ్ళీ ఇంటికి పిలవొచ్చని. నేను ఆపమంటే మరిది మీద కక్షతో అంటున్నానంటారు.

సైకాలజిస్టు మేడమ్ చెబితే బాబుకి ఒక నోటుబుక్కు కుట్టి ఇచ్చాను. ఎడమ పేజీలో ఆ రోజు చేయాల్సినవి, కుడి పేజీలో అయినవి. నిన్న వాడు స్నానానికి వెళ్తే తెరిచాను. హోంవర్కు, మాత్రల టైం, రంగు పెన్సిళ్ళు కొనాలి, వీటి కింద గుండ్రటి అక్షరాలతో ఇలా రాసుకున్నాడు: "నాన్న అడిగితే అంతా అర్థమైందని చెప్పాలి."

లక్ష్మి_తెనాలి
అమ్మా, చదువుతుంటే ఏడుపొచ్చింది. తొందరగా కోలుకుంటాడని నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

డల్లాస్_మూర్తి
వాడికి తన లోటు తెలుసు. దెబ్బ తగిలినవాళ్ళలో చాలామందికి అదే తెలియదు. నోటుబుక్కు తనంతట తను వాడుకుంటున్నాడంటే పని మొదలైనట్టే.

రవి_ఓరుగల్లు
వదినా, నా మాటలు బాధపెట్టి ఉంటే క్షమించండి. నా తమ్ముడికి అలాంటి పుస్తకం ఎవరూ ఇవ్వలేదు. అయినా నా అభిప్రాయం మారలేదు, ఫీజు కట్టి ఉంచండి. రాయాలో వద్దో మార్చిలో చూడొచ్చు. కట్టకపోతే ఆ దారి కూడా ఉండదు.

సుజాత_స్పెషల్_టీచర్
ఫీజు కడితే ఇంట్లో అందరి కళ్ళూ మళ్ళీ మార్చి మీదే ఉంటాయి. నేను ఒప్పుకోను.

పల్నాడు_నాన్న
ఇప్పుడు నేనే రాస్తున్నాను. ఆ పుస్తకం నేను ఇంతవరకు తెరిచి చూడలేదు. ఫీజు సంగతి ఇంకా తేల్చుకోలేదు. సోమవారం ఇద్దరం స్కూలుకి వెళ్తున్నాం. సుజాత గారూ, హెడ్మాస్టర్ గారికి ఏమేం చూపించాలి?

సుజాత_స్పెషల్_టీచర్
డిశ్చార్జ్ సమ్మరీ, సైకాలజిస్టు పరీక్షలు పెట్టి ఇచ్చిన రిపోర్టు, రెండూ జిరాక్సు తీసుకెళ్ళండి. జ్ఞాపకం ఎంతుందో, వేగం ఎంత తగ్గిందో ఆ రిపోర్టులో ఉంటుంది. వైకల్య సర్టిఫికెట్‌కి అర్హత వస్తుందేమో కూడా మేడమ్‌ని అడగండి. వస్తే పరీక్షల్లో గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా అడగొచ్చు. నోటుబుక్కు మాత్రం అక్కడ చూపించకండి, అది వాడిది. బాబుని కూడా వెంట తీసుకెళ్ళండి, వాడి ముందే మాట్లాడండి.