బీఎస్‌ఏతో గోల్డ్ నానో: ఆల్కలీ వేస్తేనే ఎందుకు వెలుగుతోంది?

నాగావళి_కెమ్
శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ ఫైనలియర్ ప్రాజెక్ట్ చేస్తున్నాను. బీఎస్‌ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్ ప్రోటీన్) సాయంతో వెలిగే గోల్డ్ నానోక్లస్టర్లు, అంటే కొద్ది బంగారు పరమాణువుల గుత్తులు, తయారుచేయాలి. 2009 నాటి పద్ధతే: 10 మిల్లీమోలార్ క్లోరోఆరిక్ యాసిడ్ (బంగారం, క్లోరిన్ ఉన్న ఆమ్లం) 5 మి.లీ., మిల్లీలీటరుకు 50 మి.గ్రా. ఉన్న బీఎస్‌ఏ 5 మి.లీ. కలిపి, రెండు నిమిషాలాగి 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ అర మి.లీ. వేసి, 37 డిగ్రీల్లో 12 గంటలు ఉంచాలి. (మే నెల కదా, కరెంటు పోయినా ల్యాబ్ గదే ఇంక్యుబేటర్.) ద్రావణం గోధుమరంగుకొచ్చింది, నోట్లు చూసే యూవీ టార్చి వేస్తే ఎర్రగా వెలిగింది. ఆల్కలీ వేయకుండా పీహెచ్ 3 దగ్గర వదిలేసిన సీసాలో వెలుగు లేదు సరికదా, అడుగున తళతళలాడే పొడి దిగింది. వైవాలో "బేస్ వేస్తే రియాక్షన్ పెరుగుతుంది" అంటే మా గైడ్ గారు ఊరుకోరు. అది అసలు చేసే పనేంటి?

రిటైర్డ్ కెమిస్ట్రీ మాస్టారు, విజయనగరం
బంగారానికి ఎలక్ట్రాన్లు ఇచ్చేది ముఖ్యంగా బీఎస్‌ఏలోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లం అమ్మా. దాని ఫినాల్ పీకేఏ (సగం అణువులు ప్రోటాన్ వదిలేసే పీహెచ్) 10 దగ్గర. ఆల్కలీ వేశాక వచ్చే పీహెచ్ 12లో ప్రోటాన్ పోయి ఫినోలేట్ అవుతుంది, ఎలక్ట్రాన్ తేలిగ్గా వదులుతుంది. పీహెచ్ 3లో రిడక్షన్, అంటే బంగారం ఎలక్ట్రాన్లు అందుకోవడం, నత్తనడక. కేంద్రకాలు (బంగారు కణాలు పెరగడానికి తొలి గింజలు) కొన్నే పుడతాయి, మిగతా బంగారమంతా వాటిమీదే పేరుకుంటుంది. నీ పొడి అదే. ఎస్‌ఈఎమ్‌కి (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) పంపితే త్రిభుజాల పలకలు కనిపించినా ఆశ్చర్యం లేదు. ఆల్కలీలో బీఎస్‌ఏ మడతలు కూడా విప్పుకుంటాయి. సిస్టీన్లలోని సల్ఫర్ బంగారాన్ని పట్టేసి, సుమారు 25 పరమాణువుల దగ్గరే ఆపేస్తుంది. ఎర్రగా వెలిగేది ఆ చిన్న గుత్తులే.

నాగావళి_కెమ్
మాస్టారూ, ఆల్కలీలో గోల్డ్ మీది క్లోరైడ్లు పోయి హైడ్రాక్సైడ్లు చేరతాయి, అప్పుడది రిడ్యూస్ అవడం ఇంకా కష్టం అంటారు కదా?

రిటైర్డ్ కెమిస్ట్రీ మాస్టారు, విజయనగరం
నిజమే. అందుకే వరుస మార్చకూడదు. బీఎస్‌ఏ ఐసోఎలక్ట్రిక్ పాయింట్ (నికర ఆవేశం సున్నా అయ్యే పీహెచ్) 4.7. అంతకన్నా కింద ప్రోటీన్‌ది ధనావేశం, క్లోరోఆరేట్‌ది ఋణావేశం కాబట్టి ముందే అతుక్కుంటాయి. ఆ రెండు నిమిషాలు అందుకే, ఆల్కలీ ఆ తరవాతే. 4.7 దగ్గర మాత్రం ఆపకు. నికర ఆవేశం లేక ముద్దకడుతుంది. నిమ్మరసానికి పాలు విరిగేదీ కేసీన్ 4.6కి చేరినప్పుడే.

నర్సన్నపేట_కుర్రోడు
మా ఇంట్లో బంగారం పని. అక్కా, క్లోరోఆరిక్ యాసిడ్ కొన్నదేనా, బంగారాన్ని రాజద్రావకంలో (నైట్రిక్, హైడ్రోక్లోరిక్ యాసిడ్ల మిశ్రమం) కరిగించి చేసిందా? కరిగించిందైతే హైడ్రోక్లోరిక్ పోస్తూ మరిగించి నైట్రిక్‌ని పూర్తిగా పోగొట్టాలి. ఆ ఎర్రపొగ పీల్చకూడదు, ఫ్యూమ్‌హుడ్ తప్పనిసరి. యాసిడ్ మిగిలితే మీ అర మి.లీ. ఆల్కలీ దానికే ఖర్చయిపోతుంది, పీహెచ్ 12 దాకా ఎక్కడ వెళ్తుంది?

నాగావళి_కెమ్
కొన్నదే తమ్ముడూ. అయినా రేపు పీహెచ్ పేపర్ పెట్టి చూస్తాను. మీటర్ ఎలక్ట్రోడ్‌కి గోల్డ్ పడితే మా ల్యాబ్ అసిస్టెంట్ ఇంక తలుపు తియ్యరు.