కువైట్ ఫూల్ గింజలు, మన చిక్కుడు గింజలు ఒకటేనా?

రాజంపేట అబ్బాయి:
నేను ఫర్వానియాలో డ్రైవర్‌ని. ఏడేళ్లుగా పొద్దున టిఫిన్ అంటే మిస్రీ (ఈజిప్టు) వాళ్ల కొట్లో ఫూల్, రెండు కుబూస్ రొట్టెలు. మెత్తగా ఉడికిన గింజల్ని గరిటెతో నలిపి, జీలకర్ర పొడి చల్లి, నిమ్మకాయ పిండి, పైన నూనె పోసి ఇస్తారు. ఆరింటికి తింటే పన్నెండైనా ఆకలి వేయదు. ప్యాకెట్ మీద బ్రాడ్ బీన్స్ అని ఉంది. మా ఊళ్లో చిక్కుడుకాయల మీదా అదే పేరు చూశాను. అమ్మకు రక్తం తక్కువ. వచ్చే నెల ఇంటికెళ్తూ మూడు కిలోలు తీసుకెళ్దామని ఉంది. ఇంట్లో చెల్లెలు, దాని నాలుగేళ్ల కొడుకు కూడా ఉంటారు. అందరూ తినొచ్చా?

చిత్తూరు కోడలు:
తమ్ముడూ, ఇంగ్లీషు పేరు కలిసింది గానీ మొక్కలు వేరు. మన చిక్కుడు, అనప ఒకే జాతి. మంచు పడే రోజుల్లో మేం అనపగింజలు నానబెట్టి వేళ్ల మధ్య పితుకుతాం, తొక్క చేతిలో ఉండి పచ్చటి పప్పు గిన్నెలోకి జారుతుంది. పితికిపప్పు కూర, రాగి సంగటి ఉంటే ఇంకేం వద్దు. ఫూల్ గింజ వేరే, తొక్క తోలులా మందం.

బలం మాత్రం నిజమే. ఉడికిన వంద గ్రాముల ఫూల్‌లో ఏడున్నర గ్రాముల ప్రొటీన్, ఐదు గ్రాముల పీచు ఉంటాయి. నీకు ఆకలి వేయనిది అందుకే. రక్తానికి కావాల్సిన ఫోలేట్ అనే విటమిన్ వంద మైక్రోగ్రాముల పైనే. ఐరన్ మాత్రం ఒకటిన్నర మిల్లీగ్రాములే, కాబట్టి అమ్మ మాత్రలు ఆపకూడదు. నిమ్మరసం ఐరన్ ఒంటికి పట్టేలా చేస్తుంది. తిన్న వెంటనే టీ మాత్రం వద్దు.

ఒక బాబు తల్లి:
అన్నా, ఆ పిల్లాడికి పెట్టేముందు జీ6పీడీ టెస్ట్ చేయించారా? అది ఎర్ర రక్తకణాల్ని కాపాడే ఎంజైమ్, కొందరిలో పుట్టుకతోనే తక్కువ ఉంటుంది. మా బాబుకి ఆ లోపం ఉందని మాకు తెలీదు. పక్కింటి వాళ్లు ప్రేమగా ఫూల్ తినిపించారు. రెండో రోజుకి మూత్రం కోలా రంగులో వచ్చింది, కళ్లు పచ్చబడ్డాయి. ఎర్ర రక్తకణాలు పగిలిపోతున్నాయన్నారు, రక్తం ఎక్కించాల్సి వచ్చింది. ఫూల్‌లో ఉండే వైసిన్, కన్‌వైసిన్ అనే పదార్థాలు ఈ లోపమున్న వాళ్లకి పడవు. మగపిల్లల్లోనే ఎక్కువ, తల్లి నుంచి వస్తుంది. ఆడవాళ్లకీ ఉండొచ్చు, అందుకే మీ అమ్మగారికీ ఆ టెస్ట్ చేయించండి. చిక్కుడు, అనప డాక్టర్ని అడిగే మా బాబుకి పెడుతున్నాను, ఏమీ కాలేదు.

రాజంపేట అబ్బాయి:
అక్కా, ఇప్పుడే చెల్లెలికి ఫోన్ చేశాను. పిల్లాడు పుట్టినప్పుడు కామెర్లు వచ్చి లైట్ కింద పెట్టారు. అప్పటి కాగితాలు తీయించి వాట్సాప్‌లో చూశాను. జీ6పీడీ తక్కువ అని రాసి ఉంది. అదేమిటో మాకెవరూ చెప్పలేదు. చేతులు వణికాయి. ఫూల్ తీసుకెళ్లను. చిత్తూరు అక్కా, ఎండు అనపగింజలు ఎంతసేపు నానాలి?

చిత్తూరు కోడలు:
రాత్రి పోసి పొద్దున తీయి తమ్ముడూ. తొక్క రాకపోతే నీళ్లు మార్చి ఇంకో పూట ఉంచు.